ముందే కడిగిన పాదాలు

ఈ ఏడాది పెద్ద గురువారం ఆరాధనలో కడగాల్సిన పాదాల ఎంపిక, ఒకరి ముక్కు పగలడం, ఇద్దరి కళ్ళజోళ్ళు విరగడం మినహా, ప్రేమ సమాధానాలతో ప్రశాంతంగా ముగిసిందని మా సంఘం ఆనందంగా ప్రకటించుకుంటోంది.

తెలియనివాళ్ళకి ఒక ముక్క. ఈస్టరుకి ముందొచ్చే గురువారం సాయంత్రం పాస్టరు అయ్యగారు నడుముకి తువాలు బిగించి, పళ్ళెంలో నీళ్ళు పోసి, సంఘంలోంచి పన్నెండుమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి వాళ్ళ పాదాలు కడుగుతారు. ప్రభువు తన శిష్యులకి చేసిన పని అది. పెద్దవాడు వంగి చిన్నవాడి కాళ్ళు పట్టుకోవాలని ఆయన ఉద్దేశం. మా సంఘం ఆ ఉద్దేశాన్ని ఎంతగానో గౌరవించి, ఒక చిన్న సవరణ చేసుకుంది. పాస్టరుగారంతటి మనిషే వంగి కాళ్ళు పట్టుకుంటున్నాడంటే, ఆ కుర్చీలో ఉన్నవాడు ఇంకెంత పెద్దవాడై ఉండాలి? కాబట్టి పన్నెండు కుర్చీలూ పెద్దవాళ్ళవే. ఇందులో తప్పుందనుకునేవాళ్ళు లేచి నిలబడమని సంఘ సమావేశంలో అడిగారు. ఎవరూ నిలబడలేదు. నిలబడితే వెనకవాళ్ళకి వేదిక కనపడదు. మావాళ్ళకి పక్కవాడి గురించి అంత పట్టింపు.

కిందటేడు ఒక పెద్దమనిషికి కుర్చీ దక్కలేదు. ఆయన ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని పక్క సంఘంలో చేరిపోయాడు. అక్కడ ఆయన పాదాలతోబాటు బావమరిది పాదాలక్కూడా చోటిచ్చారట. ఆ దెబ్బకి మావాళ్ళు మేలుకుని, పాదాల కమిటీ అని ఒకటి వేశారు. అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టారు. ఊళ్ళో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. బ్యాంకు మేనేజరయినా సరే, సిమెంటు వ్యాపారి అయినా సరే, ఆయన "బెంచీ ఎక్కు" అన్నాడంటే చెప్పులు విడిచి బెంచీ ఎక్కాల్సిందే. అలా ఎక్కించి, కింద నించి టార్చి లైటు వేసి, పాదాలు పరీక్ష చేశాడు. మడమ పగుళ్ళకి మార్కులు తీసేశాడు. బొటనవేలి గోరు నల్లబడిందని రిజిస్ట్రారు గారిని గోడకేసి నిలబెట్టాడు. రిజిస్ట్రారు గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, అది పశ్చాత్తాపమని అందరూ స్తోత్రం చెప్పారు.

పాదాలు దొరికాయి. ఇక మిగిలింది వాటిని శుభ్రం చెయ్యడం. కడగబోయే పాదాల్ని శుభ్రం చెయ్యడమేమిటని అడిగేవాళ్ళు కిందటేటి వీడియో చూసి ఉండరు. అయిదో మనిషి దగ్గరికి వచ్చేసరికి పళ్ళెంలో నీళ్ళు మసకబారిపోయాయి. అది వీడియోలోకెక్కింది. ఇంత మంచి మందిరం, ఇన్ని రంగుల దీపాలు, ఇంత గాయక బృందం, తీరా పళ్ళెంలో చూస్తే మురికి! కడిగితే మురికి వచ్చే కాళ్ళని దేవుడి సన్నిధికి తెస్తామా అని హెడ్మాస్టారు వేదికెక్కి అడిగాడు. ఆయన ఉపన్యాసం సంఘ చరిత్రలో నిలిచిపోతుంది.

"సహోదరులారా! ఆరాధన మొదలైనప్పుడు నీళ్ళు ఎలా ఉన్నాయో ముగిసినప్పుడూ అలాగే ఉండాలి. పళ్ళెం అడుగున పువ్వుల బొమ్మ ఉంది. చివరి పాదం దాకా ఆ బొమ్మ కనపడాలి. అదే మన పవిత్రతకి కొలబద్ద!"

చప్పట్లు మోగాయి. అలా ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమల కాలం మొదలైన రోజు నించే పన్నెండుమంది పాదాలకీ రోజూ సాయంత్రం ముందస్తు కడుగుడు ఏర్పాటైంది. ఎవరు కడగాలి? పాస్టరుగారు కడిగితే పండగనాటికి విలువ పోతుంది. కాబట్టి మందిరం ఊడ్చే ఆవిడకి అప్పగించారు. అందరూ ఆమెని చెల్లెమ్మా అంటారు. వెనక గదిలో, గోరువెచ్చని నీళ్ళతో, మెత్తటి రాయి పెట్టి ఆవిడ రోజూ ఆ పాదాలన్నీ తోమేది. దీన్ని పాదాలు కడగడం అనకూడదని కమిటీ తీర్మానం. పాదాలు కడగడమంటే వేదిక మీద, తువాలు కట్టుకుని, పాట వెనక వస్తుండగా జరిగేది. ఇది ఉత్త చాకిరీ.

"నిన్నెవరు కడగమన్నారమ్మా, తోమమన్నారు," అనేవాడు హెడ్మాస్టారు, ఆవిడ ఎప్పుడైనా నోరు జారి 'కడిగాను' అంటే.

తోమిన పాదం మళ్ళీ మట్టిలో పడకూడదు కదా. అందుకని పండగ వారంలో ఆ పన్నెండుమందీ నేల మీద అడుగు పెట్టరాదని తీర్మానించారు. వాళ్ళని కుర్చీల్లో మోసే బాధ్యత యువజన సంఘం తీసుకుంది. మామూలుగా మా యువజన సంఘం వసంతం వచ్చిందంటే వీధులు ఊడవడం, మొక్కలు నాటడం లాంటి సేవలు చేస్తుంది. ఈసారి పదిహేను రోజుల 'వసంత సేవా వారం' పెట్టి, మొట్టమొదటి సేవ కింద పెద్దల్ని మొయ్యడం పెట్టుకుంది. మొక్కలకి దీనివల్ల కొంత ఆలస్యమైంది గానీ మొక్కలు సంఘ సభ్యులు కావు కాబట్టి అభ్యంతరం రాలేదు.

ఊరు ఊరంతా ఆ ముచ్చట చూసింది. బ్యాంకు మేనేజరు కుర్చీలో ఊరేగుతూ బ్యాంకులోకి వచ్చాడు. వరసలో నిలబడ్డవాళ్ళు ఎవరో పోయారనుకుని చేతులు జోడించారు. సిమెంటు వ్యాపారి మెట్ల దగ్గర ఒకవైపుకి ఒరిగి, పడబోయి, పాదాలు రెండూ గాలిలోకెత్తి తల మీద పడ్డాడు. తలకి కుట్లు పడ్డాయి. పాదాలకి గీత కూడా పడలేదని తెలిసి సంఘం ప్రత్యేక కృతజ్ఞతా ప్రార్థన చేసింది. డాక్టరుగారైతే క్లినిక్కే మూసేశాడు. తలుపుకి బోర్డు తగిలించాడు: 'డాక్టరు గారి పాదాలు విశ్రాంతిలో ఉన్నందున రోగులు సహకరించగలరు.' రోగులు సహకరించారు. వాళ్ళకి వేరే దారి లేదు.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. పండగకి ముఖ్య అతిథిగా వస్తున్న బిషప్పుగారు ఫోనులో, "ఆ పన్నెండుమందిలో ఒక్క కష్టజీవి ఉంటే చూడముచ్చటగా ఉంటుందయ్యా," అన్నారు. కమిటీ తలపట్టుకుంది. కష్టజీవిని ఎక్కడ నించి తేవాలి? ఊళ్ళో మురుగు కాలవలు తీయించే కాంట్రాక్టరు పన్నెండుమందిలో ఉన్నాడు. ఆయన కాలు మీద కాలేసుకుని సమస్య ఇట్టే తేల్చేశాడు.

"నా కింద ఎంతమంది కష్టపడుతున్నారో మీకు తెలుసు. వాళ్ళ కష్టమంతా నాదే కదండీ. వాళ్ళందరి తరఫునా నా పాదమే ఉంది."

మాట నిజమే. కాకపోతే పాదం తెల్లగా ఉంది. శ్రమల కాలమంతా తోమించుకున్న పాదం, పాలలో నానినట్టు మెరుస్తోంది. బిషప్పుగారికి కష్టం కనపడాలంటే కొంచెం మట్టి కావాలి. కానీ మట్టి వద్దు. మురికి ఉండాలి, మురికి కాకూడదు. ఈ ధర్మసంకటాన్ని బ్యూటీ పార్లరు నడిపే అక్కగారు భుజాన వేసుకుంది. కోకో పొడి, చక్కెర పొడి, కాస్త గులాబీ నీళ్ళు కలిపి, అచ్చం మట్టిరంగు లేపనం తయారుచేసింది. ఒక్క చెంబుతో కడిగితే చుక్క మిగలకుండా పోతుంది, పళ్ళెంలో రంగు తేలదు, వాసన కూడా బాగుంటుంది. రిహార్సలు నాడు కాంట్రాక్టరు దాన్ని రాసుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు సుదీర్ఘంగా ప్రార్థన చేస్తున్నారు. చీమలు వచ్చాయి. బారులు తీరి వచ్చాయి. కాంట్రాక్టరు కదలకూడదు, కెమెరా ఉంది. కన్నీళ్ళు ధారగా కారుతుండగా కూర్చున్నాడు. కష్టజీవి బతుకెలా ఉంటుందో ఆ రోజు తెలిసొచ్చిందని తర్వాత సాక్ష్యం చెప్పాడు. విన్నవాళ్ళ గుండెలు కరిగిపోయాయి.

నేల మీద కూర్చుని ఆ పాదాలు తుడుస్తున్న చెల్లెమ్మ అదంతా విని తలెత్తింది.

"మట్టికాళ్ళే కావాలంటే ఇంత తంటా ఎందుకండీ? మా ఆయన్ని తీసుకొస్తాను. కాలవలోంచి సరాసరి వస్తాడు. కోకో పొడి మిగిలిపోతుంది, పిల్లలు పాలల్లో కలుపుకుంటారు."

ఆవిడ భర్త ఆ కాంట్రాక్టరు కిందే కాలవలు తీసే పనివాడు. మందిరం వెనక కాలవ నించి ఈస్టరు తెల్లవారుజామున వాసన రాకూడదని, శ్రమల కాలం మొదట్లోనే కమిటీ కాంట్రాక్టరుకి చెప్పి దాన్ని తీయించింది. తీసినవాడు ఇతనే. పనికి ముందు కాంట్రాక్టరు ఇతనికి రబ్బరు బూట్లు తొడిగి ఫొటో తీయించాడు. ఫొటో అయ్యాక బూట్లు పాడవుతాయని విప్పించి, తుడిచి, ఆఫీసు బీరువాలో పెట్టించాడు. వట్టి కాళ్ళతో దిగితే అడుగున సీసా పెంకు గుచ్చుకుని పాదం తెగింది. చక్కెర జబ్బున్న మనిషి. గాయం మానలేదు. పెద్దాసుపత్రికి పోతే రోజంతా పడుతుంది, రోజు మానితే పని ఇంకొకడిది అవుతుంది. అందుకని పాదానికి ప్లాస్టిక్ సంచి చుట్టి, మళ్ళీ అదే కాలవలోకి దిగుతున్నాడు. చెల్లెమ్మకి ఆ వారం ఉన్న బెంగల్లా ఒక్కటే: ఆ పాదం దక్కుతుందా, పోతుందా అని. ఈస్టరు ఏర్పాట్లలో ఆ విషయానికి చోటు దొరకలేదు.

బిషప్పుగారి మాట ఉంది కాబట్టి కమిటీ అతన్ని పిలిపించి బెంచీ ఎక్కించింది. సంచి విప్పించింది. బ్యూటీ పార్లరు అక్కగారు కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. హెడ్మాస్టారు టార్చి వేసి, ఆర్పేసి, మళ్ళీ వేశాడు.

"నాయనా, ఇది మరీ నిజం మట్టి. గోళ్ళ సందుల్లోకి దిగిపోయింది. పాట రెండు చరణాలే. ఆ రెండు చరణాల్లో ఇది పోదు. పోనీ పోయిందనుకో, ఎక్కడికి పోతుంది? పళ్ళెంలోకే కదా! పువ్వుల బొమ్మ ఏం కావాలి?"

"కడగొద్దు లెండయ్యా," అన్నాడతను బెంచీ మీద ఒంటికాలి మీద నిలబడి. "డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు కదా. ఒక్కసారి చూడమనండి చాలు."

డాక్టరుగారు గులాబీ నీళ్ళలో పాదాలు నానబెట్టుకుని, ఆ చివర కుర్చీలో ఉన్నాడు. అక్కణ్ణించే మెడ సాచి చూశాడు.

"చక్కెర పుండు. లోపలికి దిగింది. వెంటనే వైద్యం చెయ్యకపోతే పాదం తీసెయ్యాల్సొస్తుంది."

అంత దూరం నించి అంత కచ్చితంగా చెప్పేసరికి కమిటీ ముక్కున వేలేసుకుంది.

"మరి చూడండి బాబూ," అంది చెల్లెమ్మ.

"చూశానుగా."

"చూడ్డమంటే మందు వెయ్యండని."

"ఎలా వేస్తానమ్మా? నేను లేవకూడదు. వంగకూడదు. వంగితే బరువు పాదాల మీద పడుతుంది."

"మీరు వంగొద్దు. మా ఆయనే కాలెత్తి మీ ఒళ్ళో పెడతాడు."

సిమెంటు వ్యాపారి తలకి కట్టుతోనే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఇంతకాలం ఆవిడ ఒళ్ళో తమ పాదాలు ఉన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా రెండూ ఒకటి కావు.

డాక్టరుగారు మాత్రం చల్లని మనిషి. కోప్పడలేదు. "ఈస్టరు మరునాడు సోమవారం మన వసంత సేవా వారంలో ఉచిత పాద సంరక్షణ శిబిరం ఉంది కదమ్మా! పెట్టిందే మీలాంటివాళ్ళ కోసం. బిషప్పుగారు రిబ్బను కత్తిరిస్తారు. మొదటి రోగి మీ ఆయనే. సరేనా?"

అందరూ స్తోత్రం చెప్పారు. హెడ్మాస్టారు అతని భుజం తట్టాడు. "అదృష్టవంతుడివిరా అబ్బాయ్. ఒక్క మాట గుర్తుపెట్టుకో. మొదటి రోగి అంటే ఫొటోలో గాయం కనపడాలి. ఈలోగా మానిపోకుండా చూసుకో."

"అలాగేనండి," అన్నాడతను. "ఆ భయం పెట్టుకోకండి."

శిబిరం తాలూకు మందుల పెట్టె ఆ వెనక గదిలోనే ఉంది. పుండుకి రాసే మందులు, కట్టుబట్టలు, సూదిమందులు, అన్నీ అందులో ఉన్నాయి. పైన ఎర్ర సిల్కు రిబ్బను అడ్డంగా నిలువుగా కట్టి, నడిమధ్య పెద్ద పువ్వు ముడి వేశారు. బిషప్పుగారు కత్తిరించేదాకా ఎవరూ ముట్టుకోరాదు. చెల్లెమ్మ రోజూ ఆ పెట్టె పక్కనే కూర్చుని పన్నెండుమంది పాదాలకీ కొబ్బరినూనె మర్దన చేసేది. ఒక కట్టుబట్ట ఇప్పించమని అడిగింది. "రిబ్బను ఊడదీసి మళ్ళీ కడితే ముడిలో ఆ అందం రాదమ్మా," అని పార్లరు అక్కగారు నొచ్చుకుంటూ చెప్పింది. ఆవిడే కట్టింది ఆ ముడి. మనసు పెట్టి కట్టింది.

గురువారం మధ్యాహ్నానికి చెల్లెమ్మ భర్త పాదం నల్లబడింది. ఆవిడ ఆఖరి తోముడు ముగించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వరండాలో ఉన్న యువజన సంఘం పిల్లగాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముళ్ళూ, ఈ కుర్చీలు ఆరాధన దాకా ఖాళీయే కదా. మా ఆయన అడుగెయ్యలేకపోతున్నాడు. పెద్దాసుపత్రి దాకా మోసిపెడతారా?"

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళలో కాస్త మంచివాడు ముందుకొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "అక్కా, తప్పుగా అనుకోకు. మాకు అప్పగించింది పాదాలు బాగున్నవాళ్ళని మొయ్యడమే."

ఆ సాయంత్రం ఆరాధన గురించి వివరంగా రాయాలంటే మాటలు చాలవు. పన్నెండు కుర్చీలూ భుజాల మీద లోపలికి వచ్చాయి. గాయక బృందం లేచి నిలబడింది. పాస్టరుగారు వంగారు. పాదాలు ఎంత నున్నగా ఉన్నాయంటే రిజిస్ట్రారుగారి స్థానంలో వచ్చిన నగల వ్యాపారి పాదం అయ్యగారి చేతుల్లోంచి సబ్బు ముక్కలా జారి, పళ్ళెంలో దభీమని పడింది. నీళ్ళు చిమ్మాయి. చిమ్మిన నీళ్ళు కూడా శుభ్రంగానే ఉన్నాయి. కాంట్రాక్టరు పాదం మీది కష్టమంతా ఒక్క చెంబుతో పోయింది. చివరలో హెడ్మాస్టారు పళ్ళెం రెండు చేతులా ఎత్తి కెమెరాకి చూపించాడు. అడుగున పువ్వులు రేకు రేకూ కనపడ్డాయి. ఎవరి పాపమూ అందులో దిగలేదు. జనం కళ్ళొత్తుకున్నారు.

శుక్రవారం పొద్దున చెల్లెమ్మ భర్తకి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మందిరంలో ప్రభువు పడ్డ శ్రమల మీద ప్రసంగం నడుస్తోంది. మేకులు పాదాల్లో ఎలా దిగాయో పాస్టరుగారు చెబుతుంటే బెంచీల్లో వెక్కిళ్ళు వినపడుతున్నాయి. ఆ వెక్కిళ్ళ చాటున చెల్లెమ్మ వెనక గదిలోకి వెళ్ళి, కత్తెర దొరక్క, రిబ్బను పళ్ళతో కొరికింది. మందూ కట్టుబట్టా కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

శనివారం సంగతి బయటపడింది. ఈస్టరు ముందు రోజు కాబట్టి పనులు తెమలక అందరూ సతమతమవుతున్నారు. అయినా అన్నీ ఆపి, రిబ్బను మీద విచారణ జరిపారు. తెగిన కొసలు తెల్లబట్ట మీద పరిచారు. పళ్ళ గుర్తులు ఉన్నాయని డాక్టరుగారు ధ్రువీకరించాడు. పార్లరు అక్కగారు ఆ ముడి వైపు చూడలేక మొహం తిప్పుకుంది. ఊరంతా వెతికినా అదే రంగు రిబ్బను దొరకలేదు. గులాబీరంగుతో సరిపెట్టాల్సి వచ్చింది. ఇంత దుఃఖంలోనూ పాస్టరుగారు లేచి, "పోనీయండి, క్షమిద్దాం. పండగ పూట," అన్నారు. సంఘం ఏకగ్రీవంగా ఆవిడని క్షమించింది. ఆ క్షమాపణ తెలియజేద్దామని ఇంటికి మనిషిని పంపితే తాళం వేసి ఉంది. అప్పటికి ఆవిడ భర్తని, కాలవలోంచి తీసిన బురద మోసే తోపుడుబండి మీద పడుకోబెట్టుకుని, పెద్దాసుపత్రికి తోసుకుపోతోంది.

మందు రాసినా లాభం లేకపోయింది, ఆలస్యమైపోయింది. ఈస్టరు తెల్లవారుజామున, మేమంతా శ్మశానంలో సమాధుల మధ్య తెల్లబట్టలేసుకుని 'ప్రభువు లేచియున్నాడు' అని గొంతెత్తి చెప్పుకుంటున్న వేళకి, అక్కడ అతని పాదం తీసేశారు. మందిరం వెనక కాలవ నించి మాత్రం ఎలాంటి వాసనా రాలేదని కార్యక్రమ నివేదికలో ప్రత్యేకంగా నమోదు చేశారు.

సోమవారం శిబిరానికి బిషప్పుగారు వచ్చి గులాబీ రిబ్బను కత్తిరించారు. మొదటి రోగి రాలేదు. మాటిచ్చి తప్పాడని హెడ్మాస్టారు చిన్నబుచ్చుకున్నాడు. "అందుకే వీళ్ళకి ఏదైనా చెయ్యాలంటే మనసొప్పదు," అన్నాడు. ఫొటోకి పుండు లేకుండా ఎలా? అదృష్టం కొద్దీ కాంట్రాక్టరు పాదం మీద చీమలు కుట్టిన దద్దుర్లు ఇంకా మిగిలి ఉన్నాయి. డాక్టరుగారు స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టెలో మిగిలిన కట్టుబట్టంతా ఆ పాదానికి చుట్టాడు. పండగైపోయింది కాబట్టి ఇప్పుడాయన వంగొచ్చు.

విషయం తెలిశాక మా సంఘం చేతులు ముడుచుకుని కూర్చుందనుకుంటున్నారేమో. అలాంటి సంఘం కాదు మాది. వసంత సేవా వారం ముగింపు సభలో అతనికి కృత్రిమ పాదం బహూకరించాలని తీర్మానించింది. ప్లాస్టిక్‌ది, మంచిది. రంగు విషయంలో కమిటీ కొంత తర్జనభర్జన పడింది. అతని కాలి రంగుకి సరిపోయేది తెద్దామని ఒకరన్నారు. వేదిక మీద దీపాల వెలుగులో అది కనపడదని, గులాబీ మేనిఛాయది ఖాయం చేశారు. అతను ఆసుపత్రిలో ఉన్నాడు, గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అయినా పాదం ఎవరికిస్తున్నారో జనానికి తెలియాలి కదా అని, ఆ సాయంత్రానికి మంచం మీంచి లేపించి తీసుకొచ్చారు.

వేదిక మీద మఖ్మలు దిండు. దిండు మీద పాదం. పన్నెండు కుర్చీల్లో పన్నెండుమంది. అతనూ చెల్లెమ్మా మైకు పక్కన నిలబడ్డారు. అతను కర్ర ఒకటి చంకన పెట్టుకుని, ఆవిడ భుజం పట్టుకుని ఉన్నాడు. హెడ్మాస్టారు మైకు అందుకున్నాడు.

"సహోదరులారా! ఈ పాదాన్ని చూడండి. ఇది పగలదు. చెమట పట్టదు. మట్టి అంటితే గుడ్డతో తుడిస్తే పోతుంది. చన్నీళ్ళు పోసినా ఉలిక్కిపడదు. ఇలాంటి పాదం కోసమే కదా మనం ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాం! అందుకే వచ్చే ఏడాది పన్నెండుమందిలో ఒక స్థానం ఈ తమ్ముడికి ఇప్పుడే కేటాయిస్తున్నాం. కష్టజీవికి దక్కిన గౌరవం ఇది. తమ్ముడికి ఒంట్లో బాగోక రాలేకపోతే ఇబ్బంది పడనక్కర్లేదు. పాదం పంపితే చాలు."

చప్పట్లకి మందిరం దద్దరిల్లింది. కాంట్రాక్టరు కట్టు కట్టిన కాలితోనే లేచి నిలబడ్డాడు. కృతజ్ఞతగా రెండు ముక్కలు చెప్పమని చెల్లెమ్మకి మైకు ఇచ్చారు. ఆవిడ మైకు పట్టుకోవడం అదే మొదలు. నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"అయ్యగారూ, కడపటి దినాన మనమందరం ఈ శరీరాలతోనే లేస్తామని ఈస్టరు ప్రసంగంలో చెప్పారట. నేను వినలేదు, ఆసుపత్రి వరండాలో ఉన్నాను. మా ఆయన పాదాన్ని బకెట్లో వేసి, మూత పెట్టి, ఎటో పట్టుకుపోయారు. ఎటని అడిగితే చెప్పలేదు. ఆ రోజు మా ఆయన ఏ పాదంతో లేస్తాడండీ? తనదా? మీరిచ్చిన దాంతోనా?"

పాస్టరుగారు దగ్గారు. బిషప్పుగారి కోసం చుట్టూ చూశారు. బిషప్పుగారు సోమవారమే వెళ్ళిపోయారు. అతను భార్య చెవి దగ్గర ఏదో గొణిగితే, ఆ గొణుగుడు మైకులో పడి మందిరమంతా వినపడింది.

"అది లేచేటప్పుడు చూసుకుందాంలేవే. ముందు కూర్చోడానికి ఏదైనా వెయ్యమను. ఇందాకట్నించి ఒంటికాలి మీద ఉన్నాను."

కుర్చీలు పన్నెండే ఉన్నాయి. ఉన్న పన్నెండింట్లోనూ మనుషులున్నారు. ఎవరి కుర్చీ తియ్యాలన్నది అప్పటికప్పుడు తేలే వ్యవహారం కాదు. హెడ్మాస్టారు మైకు తీసేసుకుని, రెండు ప్రశ్నలూ చాలా లోతైనవని మెచ్చుకుని, పునరుత్థాన పాదం మీద ఒకటి, కుర్చీ మీద ఒకటి, రెండు ఉపసంఘాలు వేశాడు. మొదటి ఉపసంఘం ఇప్పటికే తాత్కాలిక అభిప్రాయం ఇచ్చింది: కడపటి దినం ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, అప్పటిదాకా చెడిపోకుండా ఉండేది ప్లాస్టిక్ పాదమే. రెండో ఉపసంఘం ఇంకా కూర్చోలేదు. అతను నేల మీద కూర్చున్నాడు.

ఆ సభ వీడియో చుట్టుపక్కల సంఘాలన్నీ చూశాయి. అసూయతో కుమిలిపోయాయి. నీళ్ళు మురికి కాని పాదం, మనిషి రాకపోయినా వచ్చే పాదం, కష్టజీవి పాదమని చెప్పుకోదగ్గ పాదం! పక్క సంఘం పెద్దలు, కిందటేడు మా పెద్దమనిషిని బావమరిదితో సహా ఎత్తుకుపోయిన వాళ్ళే, నిన్న పొద్దున చేతులు కట్టుకుని హెడ్మాస్టారింటికి వచ్చారు. అలాంటిది తమకీ ఒకటి కావాలని, ఎక్కడ దొరుకుతుందని, ఎవరితో మాట్లాడాలని, ఏమేం చెయ్యాల్సొస్తుందని అడిగారు.

హెడ్మాస్టారు వాళ్ళకి టీ ఇప్పించి, పాత కక్షలేవీ మనసులో పెట్టుకోకుండా, రహస్యం చెప్పేశాడు. ప్రతి సంఘంలోనూ వెనక బెంచీ ఒకటి ఉంటుంది. అక్కడ ఒకడు కుంటుతూ వచ్చి కూర్చుంటూనే ఉంటాడు. మీలో ప్రతి ఒక్కరూ వాణ్ణి చూసే ఉంటారు.

"మరి మేం ఏం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకండి," అన్నాడు హెడ్మాస్టారు. "ఇప్పుడు చేస్తున్నదే చెయ్యండి."